తెలుపు లేని సిరా

ఇంకో గంట ముట్టుకోకూడదు. మధ్యాహ్నం మూడింటి అసర్ అజాన్ వినిపించేదాకా ఈ బల్ల ముందు కూర్చుని, ఫ్యాన్‌ని ఒకటో నంబరు దాటనివ్వకుండా, మా అమ్మ మొహం ఆరేదాకా కాపలా కాయాలి. అజాన్ కాగానే వార్నిష్ కొట్టాలి, అది ఆరడానికి అరగంట, ఆ తర్వాత జనం వస్తారు, చాపల మీద కూర్చుంటారు, అమ్మ పోయి ఇవాళ్టికి వెయ్యోరోజు కాబట్టి ఖురాన్‌లో యాసీన్ అధ్యాయం చదువుతారు, అన్నం పెట్టెలు చేత పట్టుకుని లేస్తారు. లేస్తూ గోడ వైపు చూస్తారు. చూడక మానరు, ఎందుకంటే మా అన్న ముస్తామిర్ ఊరంతా చాటింపు వేసి పెట్టాడు, మా అమ్మ మొహం టేకు పలక మీద నా చేత్తో చెక్కుతాను, మా ఊరు జెపారాలో ఏ కొడుకూ ఏ తల్లికీ చెక్కనంత బాగా చెక్కుతాను అని. ఏడోరోజున అన్నాడు. నలభయ్యో రోజున అన్నాడు. నూరోరోజున సమాధి దగ్గర నిలబడి, లవంగం సిగరెట్టు వెలిగించుకుని మరీ అన్నాడు. నిన్న పొద్దున వదిన చేత నాకు కబురు పంపాడు, మా చెల్లి జుమారో దగ్గర ప్రింటు మెషిన్ ఉంది కదా, దాంట్లో వేసెయ్యమను అని. వేసెయ్యాలట. ఆయన ఉలి పడితే అది కళ, నేను నాలుగు గంటలు నడుం వంచితే అది వేసెయ్యడం.

ఆ కబురు చెప్పేటప్పుడు వదిన సరోఫా నా మొహం చూడలేదు, ప్రింటర్ని చూసింది. "మీ అన్నకి చేతులు నొప్పులే, ఈ ఏడాదంతా అంతే," అంది. చేతులు నొప్పులట. పోయిన నెలేగా ఎవరో హోటలాయనకి ఎనిమిదడుగుల తలుపు చెక్కి పంపాడు, నెమళ్ళు, తీగలు, నెమలి తోకలో ఒక్కో కన్నూ వేలిగోరంత, అప్పుడు ఏమయ్యాయి ఆ నొప్పులు. "ఇంకోటి, నవ్వుతున్నట్టు వెయ్యమన్నారు," అంది. "ఎవరు నవ్వుతున్నట్టు, యూ?" అన్నాను, మా వైపు వదినని యూ అంటాం. "అత్తయ్యే. ఆ గుర్తింపు కార్డు ఫొటోలో మరీ పోట్లాటకి వచ్చినట్టు ఉందిట. కాస్త తెల్లగా కూడా చెయ్యి." "యూ సరోఫా, నా మెషిన్‌లో తెలుపు లేదు," అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "అయ్యో, అయిపోయిందా, తెప్పించుకోకపోయావా," అంది. ఇలాంటివాళ్ళకి నేను ఏం చెప్పను. నీలం ఉంది, ఎరుపు ఉంది, పసుపు ఉంది, నలుపు ఉంది, తెలుపు అనే సిరా ఈ మెషిన్‌కి ఎవడూ చెయ్యలేదు, కాగితం తెల్లగా ఉంటుందిలే అనే ధీమాతో చేశాడు చేసినవాడు. చెక్క మీద వేస్తే తెలుపు ఉండాల్సిన చోట చెక్కే ఉంటుంది. పళ్ళు చెక్కే, కంటిలో తెల్లగుడ్డు చెక్కే, పెళ్ళికూతురి ముత్యాలూ చెక్కే. అది తెలియక ఊరంతా నా దగ్గరికి సున్నం కొట్టినట్టున్న ఫొటోలు పట్టుకొస్తారు. పోయిన వారం ఒక పెళ్ళికూతురు వచ్చింది, ఫోన్లో తన మొహాన్ని పాలమీగడ చేసుకుని తెచ్చింది, వెనీర్ అనే పల్చటి చెక్క రేకు మీద పడేసరికి వాళ్ళ నాన్న రంగులోకే తిరిగొచ్చింది. "ఇది నేను కాదు, ఇబు," అని ఏడుపు. "నువ్వేనమ్మా, చెక్క అబద్ధం ఆడదు," అందామనుకున్నాను, అనలేదు, సుంకై చెక్క మీద ఇంకోటి వేసిచ్చాను, అది కాస్త పాలిపోయిన చెక్క, పిల్ల సంతోషంగా వెళ్ళింది. అంతకుముందు ఒక రిటైరైన స్కూలు ఇన్స్పెక్టరు, జుట్టు నల్లగా చెయ్యమన్నాడు, చేశాను, నలుపుకేం కొదవ లేదు, కానీ చెక్కలో ఉన్న చార ఒకటి సరిగ్గా నుదుటి మీద అడ్డంగా పడి ఆయన వయసు ఆయనకి తిరిగిచ్చేసింది. నా తప్పేం లేదు. చార ఎక్కడ పడుతుందో చూసి రేకు ఎంచుకోవడం నాకు తెలుసు, ఆయన కోసం అంత ఓపిక పట్టలేదు, అంతే.

ఈ మెషిన్ అంటే నాకేమన్నా గౌరవమా అంటే అదీ లేదు. మూతపడ్డ జిరాక్సు షాపు నుంచి తెచ్చుకున్న డబ్బా. దీనికి రోజూ అబద్ధం చెప్పాలి, లోపలికి వస్తున్నది చెక్క కాదు తల్లీ, మందపాటి కాగితం, నున్నని రకం అని సెట్టింగ్స్‌లో ఎంచి మరీ చెప్పాలి, నమ్ముతుంది, నమ్మి మింగుతుంది. గోరు మందం కూడా లేని టేకు రేకుని వెనకాల కాగితం అతికించి, అట్ట మీద నాలుగు వైపులా టేపు వేసి, పైనున్న దారిలోంచి వంగకుండా పంపాలి, కొస ఎక్కడన్నా వెంట్రుకవాసి లేచిందా, సిరా చిమ్మే తల వచ్చి దాన్ని కొట్టుకుని గీరుకుంటూ పోతుంది, అప్పుడు మనిషి చెవి దగ్గర నల్లటి గాటు పడుతుంది. ముందు తడిగుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యాలి. టేకు అయితే ఇంకా పొగరు, దానిలో నూనె ఉంటుంది, సిరాని దగ్గరికి రానివ్వదు, తెల్లారాక చూస్తే కూడా వేలికి అంటుకుంటుంది. థిన్నర్‌తో మూడుసార్లు తుడవాలి, జిలాటిన్ పూత పల్చగా రెండుసార్లు వెయ్యాలి, పూతకీ పూతకీ మధ్య అరిగిన సాండ్‌పేపర్‌తో చెక్క పోగులు నడిచే వాటం వెంబడి రుద్దాలి. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. నలభై రేకులు నాశనం చేసి నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే ఒకసారి, సిరా పాకేస్తోంది, పెదాలు గడ్డం మీదికి కారుతున్నాయి, అప్పుడు మా అన్న వచ్చి గుమ్మంలో నిలబడి, "రబ్బరు స్టాంపు పని. పోస్టాఫీసులో కూర్చున్నవాడు కూడా చేస్తాడు," అన్నాడు. ఆ రోజు నేను మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం మా ఇంటి ఆడవాళ్ళకి గుడ్డ నేర్పింది.

గుడ్డ అంటే ముక్కుకి కట్టుకునే గుడ్డ. పాత బాతిక్ చీర ముక్క, ముక్కూ నోరూ మూసి వెనక ముడి. మా ఊళ్ళో మగవాళ్ళు చెక్కుతారు, ఆడవాళ్ళు రుద్దుతారు. అది ఎవరూ రాసిపెట్టలేదు, కానీ మగవాడు సాండ్‌పేపర్ పట్టుకోవడం నేను ఈ నలభై తొమ్మిదేళ్ళలో చూడలేదు. చెక్కేవాడి కింద పడేవి పెచ్చులు, అవి కింద పడి ఊరుకుంటాయి, ఊడ్చేస్తే పోతాయి. రుద్దేదాని మొహానికి ఎగిరేది పొడి, అది ఎక్కడికీ పోదు. అమ్మ కర్సినా పన్నెండో ఏట రుద్దడం మొదలుపెట్టింది, నన్ను పదమూడో ఏట పక్కన కూర్చోబెట్టుకుంది, రోజూ పొద్దున ఒకే మాట, గుడ్డ కట్టుకో, టీ తాగావా అని అడగదు, నిద్రపట్టిందా అని అడగదు, గుడ్డ కట్టుకో, తనే వెనక్కి తిప్పి ముడి వేసేది, వెంట్రుకలు పీకేసేంత గట్టిగా. మా అన్నకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి అవసరం లేదు, ఆయన ఎదురుగా గాలి వచ్చే చోట కూర్చునేవాడు, చెక్కేవాళ్ళకి ఎప్పుడూ కిటికీ పక్క చోటు. ఆయన చెక్కి పడేసిన ఆకుల్లో, తీగల మెలికల్లో, పువ్వుల గొంతుల్లో మేం వేలు దూర్చి రుద్దేవాళ్ళం, ఉలి వదిలేసిన గరుకంతా మా వేళ్ళు తాగేవి, అప్పుడు అది మెరిసేది, అప్పుడు కొనడానికి వచ్చిన తెల్లాయన దాని మీద చెయ్యి వేసి ఆహా అనేవాడు. ఆయన చెయ్యి తగిలింది అమ్మ పనికి. మెచ్చుకున్నది అన్నని.

తొంభై ఎనిమిదిలో ఆ తెల్లాయన తీసిన ఫొటో ఒకటి ఉంది. దేశంలో డబ్బు విలువ పడిపోయి మా ఊళ్ళో కుర్చీలకి రెక్కలొచ్చిన ఏడాది, పొద్దుగూకులూ లారీలే. ఫొటోలో మా అన్న ముందు నిలబడి ఉంటాడు, కొత్త చొక్కా, చెయ్యి ఒక పలక మీద, పలక మీద ఏనుగు. వెనకాల పొడి మబ్బు. ఆ మబ్బులో రెండు ఆకారాలు కూర్చుని ఉంటాయి, మొహాలకి గుడ్డలు, అమ్మ ఏదో నేను ఏదో చెప్పడం కూడా కష్టం, నేను నా గాజుని బట్టి పోల్చుకున్నాను. ఆ ఫొటో అన్న ఇంట్లో అద్దాల బీరువాలో ఉంటుంది, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు, ఇదిగో నేను, ఇదిగో ఏనుగు. మబ్బు గురించి ఎవరూ అడగరు. అమ్మకి ఇంకో ఫొటో లేదు, ఆ గుర్తింపు కార్డు మీద ఉన్నది తప్ప. పెళ్ళి ఫొటో ఉండేదిట, వాన నీరు కారి పోయిందిట. ఫోన్లు వచ్చాక తీద్దామంటే చెయ్యి అడ్డం పెట్టుకునేది, ఏం చేసుకుంటావు, ఆ డబ్బులతో కూరకి తెంపే కొనుక్కో అనేది, ఫొటోకి డబ్బులు అవ్వవు మాక్ అంటే నమ్మేది కాదు, అమ్మని మాక్ అనే పిలిచేవాళ్ళం.

ఆ కార్డు ఫొటో తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను. మండలాఫీసు వరండా, అందరికీ కొత్త కార్డులు, వేలిముద్రలు మెషిన్‌లో పెట్టాలి. అమ్మ కుడిచెయ్యి పెట్టింది. మెషిన్ ఎర్రలైటు వెలిగించింది. ఎడమచెయ్యి పెట్టింది. ఎర్రలైటు. గుమాస్తా, పిల్లకాయ, మీసం కూడా సరిగా రాలేదు, "చేతులు కడుక్కుని రా, ఇబు, మట్టి ఉంది," అన్నాడు. కడుక్కొచ్చింది. ఎర్రలైటు. "సబ్బుతో కడిగావా?" సబ్బుతో కడిగింది. వెనక వరస నవ్వుతోంది. వాడు అమ్మ బొటనవేలు పట్టుకుని దీపం కింద తిప్పి చూశాడు, తిప్పి చూసి, "ఏంటిది, దీనికి గీతలే లేవు," అన్నాడు, దొంగ సరుకేదో దొరికినట్టు. యాభై ఏళ్ళు రుద్దిన వేలికి గీతలు ఎక్కణ్ణుంచి వస్తాయిరా, నువ్వు కూర్చున్న కుర్చీ చేతుల మీద ఉన్నాయి చూసుకో అని నేను అనాల్సింది. అనలేదు. అమ్మ కూడా అనలేదు, వాణ్ణి చూసింది అంతే. అదే చూపు మీద వాడు కెమెరా నొక్కాడు. పుట్టిన ఏడాది అమ్మకే తెలియదు, వాడే ఏదో బేసి అంకె వేశాడు, బేసి అయితే వెనక ఎర్ర తెర, సరి అయితే నీలం తెర, అలా అమ్మకి ఎర్ర తెర వచ్చింది. ఎరుపు ముందు అమ్మ, పెదాలు బిగించి, లోకంలో ఎవణ్ణీ లెక్కచెయ్యని కళ్ళతో. నాకున్న ఈ నోరు, ఈ ఈసడింపు, నాకు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని మా ఆయన లారీ ఎక్కేముందల్లా ఆశ్చర్యపోతుంటాడు. వెళ్ళి ఆ కార్డు చూడమనాలి.

నవ్వించాలట. నిన్న మధ్యాహ్నం ప్రయత్నించాను, అబద్ధం ఎందుకు, ఫోన్లో ఒక యాప్ ఉంది, మొహం మీద వేలు పెట్టి నవ్వు అని నొక్కితే నవ్విస్తుంది. నొక్కాను. అమ్మకి పళ్ళొచ్చాయి. వరసగా, తెల్లగా, టూత్‌పేస్ట్ అమ్మేదాని పళ్ళు, బుగ్గలో సొట్ట కూడా పెట్టింది, అమ్మ మొహం మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉంది, గబగబా తీసేశాను, తీసేసి చేతులు కడుక్కున్నాను. ఎర్ర తెర మాత్రం చెరిపేశాను, చెక్క మీద అది తాంబూలం ఉమ్మినట్టు వస్తుంది. మిగిలిన మొహాన్ని మొహంలాగే ఉంచాను, తెలుపు చెయ్యలేదు, నునుపు చెయ్యలేదు. తెలుపు కావాలంటే చెక్కలో వెతకాలి. అందుకే ఈ రేకు. రెండేళ్ళుగా దాచిన రేకు ఇది, ఇలాంటిది ఇంకోటి లేదు, టేకు మాను అంచున చేవ చేరని తెల్లటి భాగం వెడల్పుగా వచ్చింది, రెండు పక్కలా గోధుమ రంగు, నడుమ పాత దంతం రంగు. చెక్కేవాళ్ళు ఈ భాగాన్ని చూస్తే మొహం చిట్లిస్తారు, చెద పడుతుంది, బలం లేదు, పొయ్యిలో పెట్టు అంటారు. మా అన్న ఇలాంటి ముక్కలు పారేస్తే అమ్మ ఏరుకుని కొంగులో వేసుకునేది, పొయ్యిలోకే అనుకోండి. నేను ఆ తెల్లటి చోట సరిగ్గా అమ్మ కళ్ళు పడేలా నాలుగుసార్లు మామూలు కాగితం మీద కొలత చూసి, పొద్దుటి నుంచి తుడిచి, పూసి, రుద్ది, మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక పంపాను. మెషిన్ ఒక్కో గీత ఒక్కో గీత వెళ్ళగక్కుతుంటే ముందు నుదురు వచ్చింది, తర్వాత కనుబొమలు, తర్వాత కళ్ళు, ఆ కళ్ళు వచ్చినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తెల్లగుడ్డు దగ్గర సిరా లేదు, చెక్కే చూస్తోంది. ఇన్నేళ్ళలో నేను వేసిన వాటిలో ఇంత బాగా వచ్చింది లేదు. ముస్తామిర్ గారు వచ్చి చూడాలి, ఉలి లేకుండా, సుత్తి లేకుండా, కిటికీ పక్క చోటు లేకుండా.

ఆయన మొహం ఎలా పెడతాడో నాకు తెలుసు. కన్ను ఒకటి చిన్నది చేసి, తల పక్కకి వంచి, ఫరవాలేదు అంటాడు. ఆయన మెచ్చుకోవడంలో ఇంతకంటే పై మెట్టు లేదు. తర్వాత జనం వచ్చాక, నేనే ఆలోచన చెప్పాను అంటాడు, ఆ మాట నేను వంటింట్లోంచి వింటాను, అన్నం పెట్టెల్లో వేయించిన కొబ్బరి సెరుందెంగ్ సర్దుతూ వింటాను. అమ్మ ఆఖరి ఆరు నెలలు కూడా అలాగే గడిచాయి, ఊపిరి లోపలికి పోవడానికి ఇబ్బంది పడేది, పీలుస్తుంటే చెక్క మీద సాండ్‌పేపర్ లాగుతున్న చప్పుడు వచ్చేది, డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి ఇవన్నీ పొడి అన్నాడు, తెల్లతెల్లగా, అదొక్కటే అమ్మ తెల్లగా పడిన ఫొటో. అన్న రోజూ సాయంత్రం వచ్చి కూర్చుని తాను చెక్కుతున్న తలుపు గురించి చెప్పేవాడు. అమ్మ వినేది. మొహం గోడ వైపు పెట్టుకుని వినేది. నవ్విందా అప్పుడు? నవ్వి ఉంటుంది. నవ్వితే ఎలా ఉండేది, కుడి పక్క ఎత్తుగా లేచేదా, పై పెదవి లోపలికి పోయేదా, కింది పళ్ళలో ఒకటి లేదు కదా, అది కనిపించేదా. పనిలో గుడ్డ. ఇంటికొచ్చాక పొయ్యి వైపు తిరిగి ఉండేది, తినేటప్పుడు మాకు వీపు పెట్టి తినేది, మాట్లాడితే చెయ్యి అడ్డం పెట్టుకునేది, పొడి వాసన వస్తుందని సిగ్గు. వెధవ సిగ్గు. ఈ కార్డులో ఉన్న నోరు ఆ గుమాస్తా కోసం బిగించిన నోరు, మా కోసం పెట్టిన నోరు ఇది కాదు, అది ఎలా ఉండేదో పట్టుకుందామంటే, ఇదిగో వస్తోంది, గుడ్డ ముడి విప్పి మెడ మీదికి జారుస్తోంది, పెదాల చుట్టూ చెమట గీత, గీత కింద పొడి లేని చోటు నున్నగా, ఇదిగో, ఇంకొంచెం, వాటం వెంబడి, పైనుంచి కిందికి, మెల్లగా, పొడిని ఊదుకుంటూ.

అజాన్ మొదలైంది. పెద్ద మసీదు గొంతు ముందు, వెనకాలే మా వీధి చిన్న మసీదు బొంగురు గొంతు. నేను కిందికి చూశాను. నా చేతిలో సాండ్‌పేపర్ ముక్క ఉంది. అరిగిపోయిన ముక్క, నా నడుం దగ్గర ఎప్పుడూ దోపుకుని ఉండేది, ముప్పై ఏళ్ళుగా రుద్దేవాళ్ళందరి నడుం దగ్గరా ఉండేది. రేకు మీది సన్నటి నల్లపొడి, నేనే ఊదిన పొడి, ఒడిలో పడి ఉంది. పూతకీ పూతకీ మధ్య రుద్దాలి. చేతికి అంతే తెలుసు. వార్నిష్ వేసే ముందు పూత ఆరింది కదా, ఖాళీగా ఉన్న చెయ్యి తన పని తాను చేసుకుంది. సిరా పైపొర మీదే ఉంటుందని, ఇది రుద్దే పని కాదని, దీనికి ముట్టుకోకపోవడమే పని అని చేతికి ఎవరు చెబుతారు. ముక్కు సగం నుంచి గడ్డం దాకా ఏమీ లేదు. నున్నటి దంతం రంగు చెక్క, అద్దంలా. పైన రెండు కళ్ళు.

చేతిని చూశాను, దాన్ని ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. వెయ్యి రోజులు చాటింపు వేసి ఏమీ చెయ్యనివాడు మా అన్న, ఒక్క గంట ముట్టుకోకుండా కూర్చోలేనిదాన్ని నేను. ఇంకో రేకు లేదు. ఉన్నా తుడిచి, పూసి, ఆరబెట్టేసరికి జనం అన్నం పెట్టెలతో ఇళ్ళకి చేరతారు. ఫ్యాన్ కట్టేశాను. బయట మోటార్ సైకిల్ ఆగింది, చెప్పులు విడిచిన చప్పుడు, దగ్గు, మా అన్న గుమ్మంలో ఉన్నాడు, బియ్యం సంచిలో చుట్టిన పెద్ద చట్రం ఏదో చంకలో పెట్టుకుని.

"ఏది, నొక్?" అన్నాడు. చిన్నప్పటి పిలుపు. దాచడానికి చోటు లేదు.

"చూసుకో," అన్నాను. "చూసి నవ్వుకో. రబ్బరు స్టాంపు కూడా చేతకాలేదని వీధిలో చెప్పుకో."

చట్రం కింద పెట్టాడు. బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. కన్ను చిన్నది చెయ్యలేదు, తల వంచలేదు. ఆయన ఏమన్నా ఈసడించుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

"నేనూ ఇక్కడి దాకే వచ్చాను," అన్నాడు.

"ఎక్కడి దాకా?"

"కళ్ళ దాకా. మూడు పలకలు పాడుచేశాను, నొక్. మీ వదినకి తెలుసు, ఇంకెవరికీ తెలీదు. కళ్ళు ఊరికే వచ్చేస్తాయి, చూడకుండా చెక్కేస్తాను. కిందికి దిగేసరికి ఉలి ఆగిపోతుంది. మాక్ నోరు ఎలా ఉంటుంది?"

"ఇంట్లో రోజూ చూశాం కదా."

"చూశాం. అయితే చెప్పు."

"కార్డులో ఉంది," అన్నాను, అనకూడదని తెలిసి.

"అది ఆ ఆఫీసువాడికి పెట్టిన మూతి. అందుకే నవ్వుతున్నట్టు వెయ్యమన్నాను. నీకు గుర్తుంటుందనుకున్నాను, నువ్వు పక్కన కూర్చునేదానివి కదా." వేలు చాపి, సిరా లేని చోట చెక్క మీద పెట్టాడు, తెల్లాయన పెట్టినట్టే. "ఇంత నున్నగా ఎలా వచ్చింది?"

"రుద్దితే వస్తుంది, కాంగ్," అన్నాను, అన్నని పిలిచే పాత పిలుపుతోనే. "ఎప్పుడన్నా రుద్దావా?"

ఆయన బియ్యం సంచి విప్పాడు. చట్రం టేకుదే, నాలుగు పక్కలా తీగలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఆకులు, పని మాత్రం దేవుడిచ్చిందే, ఆ మాట కాదనను. కానీ ఉలి గాట్లు ఉలి గాట్లుగానే ఉన్నాయి, ముల్లులా లేచిన పేళ్ళు, వేలు పెడితే గుచ్చుకునేలా. నేను చట్రం వైపు చూశాను, ఆయన వైపు చూశాను. వెయ్యి రోజుల తర్వాత కూడా తెచ్చి నా ముందు పెట్టాడు, రుద్దమని.

"మళ్ళీ వేద్దామంటే రేకు లేదు," అన్నాను. "జనం వచ్చేస్తారు."

"మళ్ళీ వెయ్యొద్దు. ఇదే పెడదాం. ఎవరడిగినా అమ్మ ఇంతేనని చెప్తాను."

"వార్నిష్ కొట్టాలి నేను. నీ చట్రం సంగతి నాకు పట్టదు."

నా చేతిలోంచి సాండ్‌పేపర్ ముక్క తీసుకున్నాడు. కింద చాప మీద కూర్చుని, చట్రాన్ని తొడ మీద ఆనించుకుని రుద్దడం మొదలుపెట్టాడు, యాభై ఆరేళ్ళవాడు, ఇద్దరు మనవలవాడు, పలక తోముతున్న పిల్లాడికన్నా అన్యాయంగా. కాగితం మడతపెట్టడం రాదు. బలమంతా ఒక్క చోటే పెడుతున్నాడు, ఆకు ముక్కు అరిగిపోతోంది. "అడ్డంగా రుద్దుతున్నావు," అన్నాను. "వాటం చూసుకో. కొమ్ములు అరగదియ్యకు, గుంటల్లోకి వెళ్ళు, వేలితో వెళ్ళు." వేలితో వెళ్ళాడు. పేడు గుచ్చుకుంది, వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ రుద్దాడు. పొడి లేచింది. మధ్యాహ్నపు వెలుగులో ఆయన మొహం చుట్టూ సన్నగా తిరుగుతోంది, ఆయన నోరు తెరుచుకుని గాలి పీలుస్తూ రుద్దుతున్నాడు, పీల్చినప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి పోతోంది, ఆయనకి ఆ సంగతి తెలియదు, ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

వార్నిష్ డబ్బా బల్ల మీద పెట్టేశాను. మేకుకి వేలాడుతున్న నా గుడ్డ తీసి, దులిపి, ఆయన వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఆగు, కాంగ్," అన్నాను. "ముందు గుడ్డ కట్టుకో."